బ్యానరు మీద లేని పేరు

హవ్వా గారి గది తలుపు ఇంకా తెరుచుకోలేదు.

మీనా టీ మళ్ళీ వేడిచేసింది. ఆ వియ్యపురాలు టర్కీ నుంచి బట్టల మధ్య చుట్టి పదిలంగా తెచ్చుకున్న గాజు గ్లాసులో పోసింది. గ్లాసు మరీ చిన్నది, నడుము సన్నది. ఆవిడ వచ్చిన కొత్తలో దాన్ని చూసి, "ఇది గొంతు తడుపుకోవడానికా, కళ్ళకి చూపించడానికా?" అని భర్త దగ్గర నవ్వింది మీనా. ఇవాళ అదే గ్లాసుని రెండు చేతులా పట్టుకుంది. మేడమెట్ల దాకా వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, మళ్ళీ వంటింట్లోకే వచ్చేసింది. ఏ మొహం పెట్టుకుని ఆ తలుపు తడుతుంది?

హాల్లో నిన్నటి సీమంతం ఎక్కడిదక్కడే ఉంది. మూత తీసిన గాజుల పెట్టెలు, వాడిన మల్లెలు, సగం గాలి పోయిన బెలూన్లు. పులిహోర ట్రేలు ఫ్రిజ్‌లో పట్టక గరాజ్‌లో పెట్టారు. అమెరికాలోని ఈ నోవై ఊళ్ళో జనవరి నెలలో గరాజ్‌ని మించిన ఫ్రిజ్ లేదు. వీటన్నిటి మీదా, గోడకి బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాల బ్యానరు: నిధి, ధృవ్.

ఆ రెండో పేరే కొంప ముంచింది. ఆ ఇంటి అల్లుడి పేరు ధృవ్ కాదు. దుర్సున్.

నిన్న కోడలు నిధికి గాజులు తొడుగుతూ తొడుగుతూ హవ్వా గారు తలెత్తి ఆ బ్యానరు చూసింది. అక్షరాలు కూడబలుక్కుని చదివి, కొడుకుని ఏదో అడిగింది. అతను జవాబు చెప్పేలోగా పంతులుగారు సంకల్పంలో 'ధృవ నామధేయస్య' అన్నారు. వెనకనుంచి మీనా స్నేహితురాలు కృష్ణవేణి ఫోన్ పైకెత్తి, "ధృవ్, కొంచెం ఇటు చూడు నాన్నా, ఫోటో!" అంది. అతను ఇటు చూశాడు. అంతే. ఆవిడ చేతిలో గాజు తీసి పళ్ళెంలో పెట్టి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా మేడెక్కింది.

అప్పుడు మూసిన తలుపు.

భర్త జగదీష్ మడతకుర్చీలు ఒక్కొక్కటే గరాజ్‌లోకి మోస్తున్నాడు. మీనాకి ఆ చప్పుడు కూడా భరించరానిదిగా ఉంది.

"ముందు ఆ బ్యానరు తీసెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

"తీస్తే పోతుందా?"

"మీరు కూడా మొదలెట్టకండి. పెళ్ళికార్డులో ధృవ్ అని వేయించినప్పుడు నోట్లో బెల్లం పెట్టుకున్నారా? అప్పుడే చెప్పాల్సింది."

"నన్నడిగి వేయించావా మీనా? కార్డులు ఇంటికొచ్చాక చూశాను."

"మరి వాళ్ళది ఉత్తరాది అని నేనొక్కదాన్నే చెప్పానా, మీరు చెప్పలేదూ?"

"చెప్పాను. ఉత్తరమే కదా, మరికాస్త పైకి, అనుకున్నాను."

మామూలు రోజైతే ఆ మాటకి మీనా ఫక్కున నవ్వేది.

నిజానికి అంతా చిన్న విషయంతోనే మొదలైంది. ఊరికి కొత్తగా ఎవరొచ్చినా గోత్రం, ఊరు, ఏ కంపెనీ అని అడిగేసి గాని టిఫిన్ పెట్టని స్నేహితురాళ్ళు ఆమెవి. దుర్సున్ అంటే ఒక ప్రశ్న, దాని వెనక ఇంకో ప్రశ్న, దాని వెనక ఒక మౌనం. ఆ మౌనానికి భయపడింది మీనా. ఇంగ్లీషులో మొదటి అక్షరం కలిసిందని ధృవ్ అనేసింది. గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యపగోత్రం ఉండనే ఉంది. చూడ్డానికి తెల్లగా ఉన్నాడంటే, కాశ్మీర్ వైపువాళ్ళు అంది. ఒక అబద్ధం ఇంట్లోకి వస్తే చుట్టపక్కాలని వెంటబెట్టుకునే వస్తుంది.

పిల్లవాడు మాత్రం బంగారం. "మీకు అది ఈజీ అయితే ఓకే అత్తయ్యా" అన్నాడు అప్పుడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, ఆ మంచితనాన్నే ఆమె అలుసుగా తీసుకుంది. అతను పనిచేసే కార్ల సీట్ల కంపెనీలో అమెరికన్లు సైతం నాలిక తిప్పుకుని దుర్సున్ అనే పిలుస్తారట. అత్తగారు మాత్రం ఈ మూడేళ్ళలో ఆ పేరు నోటితో అనలేదు. "బాబూ" అంటుంది. బాబూ అంటే ప్రేమకి ప్రేమ, అవసరానికి అవసరం.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. హవ్వా గారేమో అని మీనా గబుక్కున తిరిగి చూసింది. నిధి. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి రెయిలింగ్ మీద వేసుకుని నెమ్మదిగా దిగుతోంది. నిన్నటి గాజులు ఒక్కటి కూడా చేతికి లేవు.

"గాజులు తీసేశావేమే? తొమ్మిదో నెలలో అలా..."

"అమ్మా, స్టాప్."

నిధి తల్లి వైపు చూడకుండానే వెళ్ళి గ్లాసులో నీళ్ళు పట్టుకుంది. తాగలేదు.

"పెళ్ళిలో నాకేం చెప్పావు? 'జస్ట్ పూజ కోసమే' అన్నావు. పంతులుగారికి ఈజీగా ఉంటుంది అన్నావు. మరి ఈ బ్యానర్ ఎవరికి ఈజీ? తను ఇంట్లో నడుస్తుంటే నీ ఫ్రెండ్స్ అందరూ ధృవ్, ధృవ్ అంటారు. తను ప్రతిసారీ వెనక్కి తిరుగుతాడు. షెల్టర్ నుంచి తెచ్చిన డాగ్‌కి కొత్త పేరు పెట్టినట్టు ఉందమ్మా."

"ఛ, అవేం మాటలే!"

"నిజం మాటలు."

"నువ్వూ ఊరుకున్నావు కదే నిధీ. నువ్వైనా ఒక్కసారి వద్దనాల్సింది."

నిధి గ్లాసు సింక్ పక్కన పెట్టింది.

"యెస్. ఊరుకున్నాను. అత్తమ్మకి నిన్న ఆ బ్యానర్ ఎక్స్‌ప్లెయిన్ చెయ్యలేక అక్కడే కూర్చున్నాను. ఐ హేట్ దట్. నాకు నీ మీద ఎంత కోపముందో నా మీద అంత ఉంది." ఆమె అప్పుడు తల్లి వైపు తిరిగింది. "మేం ఇవాళ ఆన్ ఆర్బర్‌లో మా ఇంటికి వెళ్ళిపోతున్నాం. డెలివరీ అక్కడే."

"పురుడు పుట్టింట్లో కాకుండా..."

"నువ్వు హాస్పిటల్‌కి కూడా రావద్దు."

నిధి మెట్లెక్కి వెళ్ళిపోయింది. మీనా అక్కడే స్టవ్ పట్టుకుని నిలబడింది.

పోయినేడు ఎనిమిదో నెలలో బిడ్డ దక్కనప్పుడు, ఆ గదిలో కూతురి చెయ్యి పట్టుకుని కూర్చున్నది మీనాయే. పుట్టిన బిడ్డ ఏడవకపోతే గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆమెకి తెలుసు. ఈసారి మాత్రం ఆ ఏడుపు తన చెవులతో విని గాని బయటికి రాకూడదని మొక్కుకుంది. అడిగిన వరం అదొక్కటే. ఆ వరాన్ని తన చేత్తోనే, బంగారు రంగు అక్షరాలు వేయించి మరీ పోగొట్టుకుంది.

హవ్వా గారు దిగివచ్చేసరికి బాగా పొద్దెక్కింది. తలకి గుడ్డ కట్టుకుని, పైన కోటు కూడా వేసుకుంది, ప్రయాణానికి సిద్ధమైనట్టు. వెనకే దుర్సున్. రాత్రి నిద్ర లేనట్టు అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. ఎదురుగా మీనా పెట్టి ఉంచిన గ్లాసు కనిపించింది. టీ ఎప్పుడో చల్లారిపోయింది. "వేడిది తెస్తానుండండి" అని మీనా లేవబోయింది గాని, ఆవిడ ఆ చల్లటి టీనే చివరిదాకా తాగేసింది. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

తర్వాత ఆవిడ మెల్లిగా ఏదో అడిగింది. దుర్సున్ టేబుల్ వైపే చూస్తూ ఇంగ్లీషులో చెప్పాడు.

"ఆ పేరు ఎప్పుడు మార్చారని అడుగుతోంది అమ్మ."

"మార్చడమేంటి బాబూ! ఊరికే పిలవడానికి..."

"పెళ్ళిలోనా, అంటోంది."

మీనా భర్త వైపు చూసింది. జగదీష్ చేతిలో ఇంకా ఒక కుర్చీ ఉంది. అతను దాన్ని విప్పి, టేబుల్‌కి కొంచెం దూరంగా వేసుకుని కూర్చున్నాడు.

"అవును," అంది మీనా. "పెళ్ళిలోనే."

పెళ్ళికి హవ్వా గారు లేరు. అప్పుడు వీసా రాలేదు. ఫోన్‌లో పెళ్ళి చూస్తూ ఆవిడ ఏడుస్తూ కూర్చుందని దుర్సున్ తర్వాత చెప్పాడు. ఇప్పుడు మనవణ్ణి ఎత్తుకోడానికి మొదటిసారి అమెరికా వచ్చింది.

ఆవిడ పెదవులు కదిలాయి. లోపల దేన్నో దేనికో ముడివేసుకుంటోంది. ఆ ముడి ఏమిటో ఎవరూ చెప్పకుండానే మీనాకి అర్థమైంది. పెళ్ళిలో పేరు మారింది. ఆ తర్వాతే బిడ్డ పోయింది.

"అమ్మ మీకు ఒకటి చెప్పాలంటోంది," అన్నాడు దుర్సున్.

ఆవిడ చెబుతూ పోయింది. అతను మధ్యమధ్య ఆగుతూ తెలుగులోకి మార్చలేక, ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. వాళ్ళ ఊరు నల్లసముద్రం ఒడ్డున, కొండల మీద టీ తోటల్లో ఉంది. హవ్వా గారికి దుర్సున్ కంటే ముందు ఇద్దరు మగపిల్లలు. ఇద్దరూ ఉయ్యాల్లోనే పోయారు. రెండోవాడు పోయాక ఆవిడ ఉయ్యాల తీసుకెళ్ళి పశువుల కొట్టంలో పడేసింది. మూడోవాడు పుట్టినప్పుడు అత్తగారు బిడ్డని ఎత్తుకుని, వీడికి దుర్సున్ అని పెట్టు, ఇక వేరే ఏ పేరుతోనూ పిలవకు అంది.

"అది పేరు కాదు అత్తయ్యా, యాక్చువల్‌గా. ఒక మాట. ఉండాలి, నిలవాలి... 'లెట్ హిమ్ స్టే' అని. పిల్లలు పోయిన ఇళ్ళలో పెడతారు. అమ్మ నన్ను పిలిచిన ప్రతిసారీ దేవుణ్ణి అడుగుతున్నట్టే. అందుకే నాకు చిన్నప్పుడు ముద్దుపేరు కూడా లేదు. అమ్మకి భయం."

'పుట్టినవాళ్ళు నిలవలేదు' అని మీనా వాళ్ళ ఇళ్ళలోనూ అంటారు. సరిగ్గా ఆ మాటే. దూరం, మతం, పరాయి భాష అని తను ఇన్నాళ్ళూ దాచిన పేరు, తన అమ్మమ్మ నోట్లో తిరిగిన మాటే.

అయినా మనిషి కదా. మునిగేవాడు గడ్డిపరక పట్టుకున్నట్టు ఒక్క మాట పట్టుకుంది.

"ధృవ్ అన్నా అదే బాబూ. మాలో ధృవుడంటే కదలకుండా నిలిచి ఉండేవాడనే. అర్థం ఒకటే కదా, మీ అమ్మగారికి చెప్పు."

అతను చెప్పాడు. హవ్వా గారు కాసేపు ఆలోచించింది. కోపంగా కాదు, న్యాయంగా ఆలోచించింది. తర్వాత ఇచ్చిన జవాబు దుర్సున్ చాలా నెమ్మదిగా చెప్పాడు.

"అర్థం ఒకటే కావచ్చు అంటోంది. కానీ తను అడిగింది ఆ మాటతో. ఇచ్చినవాడికి ఆ మాటే గుర్తుంటుంది అంటోంది."

బయట వీధిలో మంచు తోసే బండి వెళ్ళింది.

"నా పేరు తవిటయ్య," అన్నాడు జగదీష్.

మీనా ఉలిక్కిపడింది. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ ఇంట్లో ఆ పేరు వినపడలేదు.

"ఆమెకి చెప్పు దుర్సున్. నా అసలు పేరు జగదీష్ కాదు. విజయనగరం పక్కన మాది చిన్న పల్లె. నా ముందు అమ్మకి ఇద్దరు పోయారు. నేను పుట్టగానే నన్ను పక్కింటామెకి చేటెడు తవుడుకి అమ్మేసింది. తవుడంటే... వడ్లు దంచితే వస్తుందే, గేదెలకి పెడతారు. అంత చవకగా అమ్మిన బిడ్డ మీద దేవుడికి కూడా ఆశ పుట్టదని. సాయంత్రం మళ్ళీ కొనుక్కుంది. అందుకని తవిటయ్య."

దుర్సున్ ఎంతవరకు చెప్పగలిగాడో గాని, హవ్వా గారి ముఖం మారిపోయింది. టేబుల్ మీదుగా చెయ్యి చాచి జగదీష్ మణికట్టు పట్టుకుంది. గబగబా ఏదో అంది.

"మా కొండల్లోనూ ఉన్నారట మామయ్యా. అలా అమ్మి, మళ్ళీ కొనుక్కున్న పిల్లలకి అమ్ముడైనవాడు అనే పేరు పెడతారట. మా తాతగారి తమ్ముడు ఒకాయన పేరూ అదే." దుర్సున్ మొదటిసారి కొంచెం నవ్వాడు. వెంటనే తల్లి ఇంకోటి అడిగింది. నవ్వు పోయింది. "మరి ఎందుకు మార్చుకున్నావు, మీ అమ్మ ఏమీ అనలేదా, అంటోంది."

"ఏడ్చింది. 'ఓలమ్మ, నా బావు పేరు మార్సేసినారేటి, ఇంకేటి నిలబెడతాదో' అని మూడు రోజులు అన్నం ముట్టలేదు." జగదీష్ చేతులు చూసుకున్నాడు. "పాస్‌పోర్ట్ కోసం మార్చుకున్నాను. ఇక్కడివాళ్ళకి నోరు తిరగదని."

మీనా తల దించుకుంది. పాస్‌పోర్ట్ కోసం కాదు. శుభలేఖ కోసం. 'తవిటయ్య అని అచ్చేస్తే నేను పీటల మీద కూర్చోను' అని తండ్రి చేత కబురు చేయించిన ఇరవైరెండేళ్ళ పిల్ల ఎవరో ఆయనకి బాగా తెలుసు. తెలిసీ, ఇప్పుడు కూడా, అల్లుడి ముందు ఆమెని కాపాడుతున్నాడు. దెబ్బ కొట్టినవాణ్ణి భరించవచ్చు గాని, కొట్టగలిగీ కొట్టనివాణ్ణి ఎలా భరించడం?

"అబద్ధం," అంది మీనా. "నేను మార్పించాను. ఆయనదీ నేనే, నీదీ నేనే. ఆ రోజు మా అత్తగారు నా కాళ్ళ దాకా వచ్చి బతిమాలింది, ఇంట్లో పిలవడానికైనా ఉంచమ్మా అని. నేను వినలేదు."

"మీనా, ఇప్పుడెందుకు..."

"చెప్పనివ్వండి." ఆమె అల్లుడి వైపు తిరిగింది. "బాబూ, మీ అమ్మగారిని ఒక్కటి అడుగు. నేను పేరు మార్చినందుకేనా పోయినేడు బిడ్డ నిలవనిది? నావల్లేనా? ఆవిడ ఏమంటే అది వింటాను."

దుర్సున్ తల అడ్డంగా ఊపాడు.

"అడుగు బాబూ."

"ఇది నేను అడగను అత్తయ్యా."

"నాకు తెలియాలి."

"మా అమ్మ ఏదో ఒకటి చెబుతుంది. అవునన్నా, కాదన్నా, నిధి జీవితమంతా ఆ మాటతో బతకాలి. నేను అడగను. ఐయామ్ సారీ."

ఎప్పుడూ దేనికీ కాదనని పిల్లవాడు. కాదన్న ఆ ఒక్క మాటతో మీనా ముందు పెద్దవాడైపోయాడు. హవ్వా గారు ఏమీ అర్థంకాక ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. తనని ఎవరో ఏదో అడిగారని మాత్రం ఆవిడకి తెలిసింది. జవాబు కోసం కొడుకు కళ్ళల్లో వెతుకుతోంది.

"అమ్మా."

అందరూ తలతిప్పారు. నిధి మెట్ల మధ్యలో కూర్చుని ఉంది. పక్కన సూట్‌కేసు. ఎంతసేపటి నుంచి అక్కడుందో, ఎంత విన్నదో తెలియదు. రెండు చేతులూ పొట్ట మీద ఆనించి ఉన్నాయి.

"అమ్మా, బేబీ కదలట్లేదు."

దుర్సున్ కుర్చీ వెనక్కి పడిపోయింది.

"ఎప్పటి నుంచి?" అంది మీనా. తను ఎలా మెట్లెక్కిందో తనకే తెలియదు.

"తెలీదు. పొద్దున్న... నాకు కోపంగా ఉంది, ప్యాకింగ్ చేస్తున్నాను. చూసుకోలేదు. చల్లటి నీళ్ళు తాగాను, పడుకుని చూశాను. అమ్మా, నేను చూసుకోలేదు."

"పిచ్చిదానా, నీ తప్పేముందే. లే. మెల్లిగా లే."

అందరూ వ్యాన్ ఎక్కారు. దుర్సున్ నడిపాడు. రోడ్డు మీద ఉప్పు చల్లి ఉంది గాని మంచు ఇంకా పడుతూనే ఉంది. వెనక సీట్లో నిధికి ఒక పక్క మీనా, ఇంకో పక్క హవ్వా గారు. నిధి తల్లి చెయ్యి పట్టుకోలేదు, విదిలించుకోనూ లేదు. హవ్వా గారు మాత్రం కోడలి పొట్ట మీద అరచెయ్యి ఆనించి, పెదవులతో ఒకే మాట అంటూ వచ్చింది. మీనా చెవి ఒగ్గి వింది. ప్రార్థన కాదు. కొడుకు పేరు. కొడుకుని పిలవడం లేదు, ఆ మాటతో అడుగుతోంది. దుర్సున్, దుర్సున్, దుర్సున్.

హాస్పిటల్‌లో అమ్మాయిని వెంటనే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. నర్సు మర్యాదగానే చెప్పింది, లోపలికి ఇద్దరికే అనుమతి అని.

ఒకరు దుర్సున్. మరి రెండోవారు?

నిధి తలతిప్పి చూసింది. ఆ చూపు మీనా మీదే ఆగింది. పొద్దున్న రావద్దన్న పిల్ల, ఇప్పుడు భయంతో కన్నతల్లి వైపే చూసింది. ఒక్క అడుగు వేస్తే చాలు. ఎవరూ కాదనరు.

మీనా హవ్వా గారి భుజాల మీద చేతులు వేసి ముందుకు నెట్టింది.

"ఆవిడని తీసుకెళ్ళండి."

"అమ్మా..."

"వెళ్ళవే. ఆవిడ దగ్గర మాట ఉంది. నా దగ్గర ఏమీ లేదు."

తలుపులు మూసుకున్నాయి. జగదీష్ కుర్చీలో కూలబడి కళ్ళజోడు తీసి తుడుచుకోసాగాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

మీనా గోడకి ఆనుకుని నిలబడింది. చేతిలో ఫోన్ ఒకటే మోగుతోంది. చూసింది. నోవై ఆడవాళ్ళ గ్రూపు. నిన్నటి సీమంతం ఫోటోలు పోటీపడి పెడుతున్నారు. ఒక దాని కింద కృష్ణవేణి, "నిధి, ధృవ్, ఎంత ముచ్చటగా ఉన్నారో!" అని రాసింది. దాని కింద వరసగా దిష్టిచుక్కలు, చప్పట్లు. ఆ పేరు ఎన్నిసార్లు ఉందో! ప్రతి ఒక్కరి చేతా తనే అనిపించింది.

ఆమె రికార్డు బటన్ నొక్కి, ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"నేను మీనాని. మా అల్లుడి పేరు ధృవ్ కాదు. నేను మీ అందరికీ అబద్ధం చెప్పాను. వాళ్ళది కాశ్మీర్ కాదు, టర్కీ. అతని పేరు..." మూడేళ్ళుగా తప్పించుకున్న ఆ పేరు ముందు ఆగి, ఊపిరి తీసుకుంది. "దుర్సున్. నిలవాలి అని అర్థం. పిల్లలు దక్కని తల్లి పెట్టుకున్న పేరది. మేమిప్పుడు హాస్పిటల్‌లో ఉన్నాం. నిధికి... బిడ్డ కదలడం లేదంటోంది. నాకేం చెయ్యాలో తెలియడం లేదు. మీరు ఎక్కడున్నా సరే, ఆ పేరు ఒక్కసారి పైకి అనండి. నన్ను తర్వాత ఎన్ని తిట్టినా తిట్టండి. ఇప్పుడు మాత్రం అనండి."

పంపించేసింది. వెంటనే భయం వేసింది. గ్రూపులో అంతసేపూ గలగలలాడుతున్న ఫోటోలు ఆగిపోయాయి. ఏ మౌనానికి ఇన్నాళ్ళూ భయపడిందో ఆ మౌనమే. ఒకావిడ "అంటే వాళ్ళు ఎవరు మీనా గారూ" అని రాసి, వెంటనే చెరిపేసింది. చెరిపేసిన గుర్తు అక్కడ మిగిలింది.

ఫోన్ చిన్నగా మోగింది. కృష్ణవేణి గొంతు.

"దుర్సున్. సరిగ్గా అన్నానా మీనా? మళ్ళీ అంటాను. దుర్సున్. మేమంతా ఇక్కడే ఉన్నాం, నువ్వు ధైర్యంగా ఉండు."

ఆ వెంటనే ఇంకొకరు. వెనక కుక్కర్ కూత వేస్తోంది. "దుర్సున్." తర్వాత ఒక పెద్దావిడ, పళ్ళు లేని నోటితో, "దురుసున్ తల్లీ, దురుసున్, బిడ్డ నిలవాలి." ఒకావిడ కారు నడుపుతూ, ఇంకొకావిడ పిల్లల చేత అనిపిస్తూ. తప్పుగా అన్నవాళ్ళు కొందరు, తడబడి దిద్దుకున్నవాళ్ళు కొందరు. మీనా ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని వింటూ ఏడుస్తోంది. ఇంత సులువా? మూడేళ్ళుగా వీళ్ళకా భయపడింది తను?

జగదీష్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "దుర్సున్," అన్నాడు అతను కూడా, ఎవరికీ వినపడనంత మెల్లిగా.

తలుపు తెరుచుకుంది.

అల్లుడు. నీలం రంగు హాస్పిటల్ గౌను వేసుకుని ఉన్నాడు. మీనా చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఎవరో ముక్కూమొహం తెలియని ఆంటీ గొంతు, కారిడార్ అంతా వినపడేలా అతని పేరు పలుకుతోంది. అతను ఆ గొంతు విని ఆగిపోయాడు. ఫోన్ వైపు చూశాడు, తర్వాత అత్తగారి వైపు.

మీనా అతని ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఆమెకి ఏమీ దొరకలేదు. బాబూ అనబోయింది. ఆ మాట రాలేదు.

"దుర్సున్," అంది. "బిడ్డ...?"

అతను కళ్ళు తుడుచుకున్నాడు. తలుపుని భుజంతో ఆపి పట్టుకున్నాడు.

"నిధి మిమ్మల్ని రమ్మంటోంది అత్తయ్యా."

పొద్దుటి నుంచి ఆమె ప్రాణం పెట్టి ఎదురుచూసిన పిలుపు అదే. పోయినేడు ఆ గదిలో లాగే, లోపలినుంచి ఏ చప్పుడూ రావడం లేదు. ఆ గడప ముందు మీనా ఆగిపోయింది.